నాగటి చాలు తప్పని నాయకుడు

హైదరాబాదు నగరము విడిచి నాగార్జునసాగరము దారిని పోవువారికి ఇబ్రహీంపట్నము చేరకమునుపే మన్నెగూడ తగులుతుంది. ఒకనాడు మెట్టపైరులు పండిన ఆ పరిసరముల నేల నేడు ఎకరాల లెక్కను విడిచి గజాల లెక్కకు వచ్చినది. నాగలి తిరిగిన చోట వెంచరు బోర్డులు నిలిచినవి. గెట్టుకు బదులు ప్లాటురాయి కనబడుతున్నది. ఇట్టి తావున బడికి పోయే బాలునకు పాఠములో "భూసంస్కరణలు" అనే మాట ఎదురైనప్పుడు అది పుస్తకపు మాటగా కాక ఇంటి ముచ్చటగానే తోచును. నేల ఎవరిది? పట్టా గలవానిదా, దున్నువానిదా, లేక అందరి పేర ప్రభుత్వము వారిదా?

ఈ ప్రశ్నను చేతబట్టుకొని, నడుమ కొన్ని విరామములున్నను, 1930 మొదలు 1991 వరకు కేంద్ర చట్టసభలలో వాదించిన తెలుగువారొకరున్నారు. ఆయనే ఆచార్య గోగినేని రంగనాయకులు. లోకమెరిగిన పేరు ఎన్.జి. రంగా.

పేరు వినగానే మన జిల్లా పిల్లలు కొంత తికమకపడుట సహజము. 1978లో ఏర్పడిన ఈ జిల్లా ఎవరి పేరున వెలసినదో ఆ కొండా వెంకట రంగారెడ్డిగారు వేరు, ఈ రంగాగారు వేరు. అయినను రంగాగారికిని ఈ జిల్లాకును ఒక ముడి ఉన్నది. 1964లో స్థాపితమైన రాజేంద్రనగరము వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు 1996లో ఆయన పేరు పెట్టినారు. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఆ పేరు గుంటూరు వైపు తరలిపోయినది. రాజేంద్రనగరములోని విద్యాలయము ఆచార్య జయశంకరుగారి పేరు దాల్చినది. బోర్డు మారినంత మాత్రమున మనిషిని మరువవలసిన పని లేదు. ఆయన లేవనెత్తిన వాదము నేటికిని మన గెట్ల మీదనే ఉన్నది.

మితవాది అనగా ఎవరు?

పాశ్చాత్య దేశముల రాజకీయములలో "కన్సర్వేటివు" అనే మాట ఒకటి కలదు. మన పత్రికలలో కొందరు దానిని మితవాది అన్నారు. కొందరు సంప్రదాయవాది అన్నారు. గిట్టనివారు అభివృద్ధి నిరోధకుడని తేల్చివేసినారు. ఈ మూడు మాటలును రంగాగారికి ఎప్పుడో ఒకప్పుడు తగిలినవే. పేరు పెట్టుట సులభము. పేరు వెనుక నున్న మనిషిని తెలిసికొనుట కష్టము.

అమెరికా దేశములో ఆ పేరు మోసిన శాసనకర్తలలో ఓహయో రాష్ట్రపు సెనేటరు రాబర్టు టాఫ్టు ఒకడు. ప్రభుత్వము పరిమితముగా నుండవలెను, ఆస్తి హక్కు వ్యక్తిస్వేచ్ఛకు పునాది, కేంద్రము చేతిలో అధికారము గుట్టపడరాదు అనునవి అట్టివారి మూలసూత్రములు. అయినను 1949లో పేదలకు ప్రభుత్వ ధనముతో ఇండ్లు కట్టించే చట్టమును ఆ టాఫ్టే సమర్థించినాడు. కనుక ఒక శాసనకర్తను బిరుదును బట్టి కాక, ఏ చట్టము వచ్చినప్పుడు ఏ పక్షమున నిలిచినాడో దానిని బట్టి తూచుట న్యాయము. రంగాగారిని కూడ ఆ త్రాసులోనే పెట్టి చూతము.

నిడుబ్రోలు నుండి ఢిల్లీకి

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించినారు. గుంటూరులో చదివి, సీమకు పోయి, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి, 1926లో బి.లిట్. పట్టము పొందినారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైనారు. చేనేత పరిశ్రమ ఆర్థికస్థితిని గురించి ఆ రోజులలోనే గ్రంథము వ్రాసినారు. తన మగ్గము మీద తాను నేసికొనే సాలెవాడును, తన చేనిలో తాను దున్నుకొనే రైతును ఒక కోవకు చెందినవారని, ఒకని క్రింద కూలికి పోక తన కష్టము మీద తాను బ్రతుకువారని ఆయన దృష్టి. ఈ దృష్టి చివరి వరకు మారలేదు. తరువాతి చరిత్రకంతకును ఇదియే తాళపుచెవి.

1930లో గాంధీజీ పిలుపునకు కదలి ఆచార్య పదవిని విడిచినారు. ఆ యేడే కేంద్ర శాసనసభలో అడుగుపెట్టినారు. వెంకటగిరి మొదలైన జమీందారీలలో రైతుల పక్షమున ఉద్యమము నడిపినారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయము నెలకొల్పి పల్లెటూరి యువకులకు అర్థశాస్త్రమును, చట్టమును, ఉద్యమ నిర్వహణమును నేర్పినారు. బడిపంతుళ్ళు గమనింపదగిన సంగతి ఇది. రైతుకు విత్తనము వలెనే విద్య కూడ అవసరమని, శిస్తు లెక్క చదువలేనివాడు శిస్తు మీద పోరాడలేడని ఆ విద్యాలయము చాటినది.

1936లో లక్నోనగరమున అఖిల భారత కిసాన్ సభ వెలసినది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు. రంగాగారు ప్రధాన కార్యదర్శి. నాటి జమీందారుల దృష్టిలో ఈయన విప్లవకారుడు! కాని కమ్యూనిస్టులతో పొసగక కొద్ది యేండ్లలోనే ఆ సభకు దూరమైనారు. భేదము ఎక్కడ వచ్చినది? జమీందారుని తొలగించి భూమిని రైతు చేతిలో పెట్టవలెననుట వరకు ఇరువురును ఏకీభవింతురు. రైతు చేతిలో పెట్టిన పిమ్మట దానిని మరల సమష్టి పేర తీసికొనవలెనా అను చోట దారులు చీలినవి. 1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారీలు రైత్వారీలైనవి. రంగాగారికి అది పోరాట ఫలము. వామపక్షము వారికి అది పోరాటములో ఒక మజిలీ మాత్రమే.

రాజ్యాంగ పరిషత్తులో సభ్యులుగా 1946 డిసెంబరులో ఆయన చేసిన ప్రసంగము ప్రసిద్ధమైనది. అల్పసంఖ్యాకులను గురించి అందరును మతములను లెక్కించి మాటాడుతున్న వేళ, ఈ దేశమున నిజమైన అల్పసంఖ్యాకులు సామాన్య ప్రజలే, తమ హక్కులను తాము అనుభవింపలేనివారు వారేయని ఆయన అన్నారు. 1948లో చిత్తు రాజ్యాంగము చర్చకు వచ్చినప్పుడు పల్లెకు, పంచాయతీకి అందులో తావు లేదని ఆక్షేపించినారు. అధికారమంతయు రాజధానిలో చేరుట స్వాతంత్ర్యము కాదని ఆయన వాదము. ఈ మాట ఆనాటి సోషలిస్టులకును రుచించినది, నేటి మితవాదులకును రుచించును.

నాగపూరు తీర్మానము

1951లో టంగుటూరి ప్రకాశం పంతులుగారితో పాటు కాంగ్రెసును వీడి, తరువాత కృషికార్ లోక్ పార్టీని నెలకొల్పినారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలలో కమ్యూనిస్టులకు ఎదురుగా కాంగ్రెసుతో చేయి కలిపి, పిమ్మట ఆ సంస్థలోనే చేరినారు. 1957లో తెనాలి నుండి లోకసభకు ఎన్నికైనారు. కాంగ్రెసు పార్లమెంటరీ పార్టీకి కార్యదర్శులైనారు. ఆ దారినే పోయి ఉన్నట్లయిన మంత్రి పదవి అందని పండు కాకపోవును.

కాని 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఒక తీర్మానము చేసినది. దేశములో రాబోవు వ్యవసాయ విధానము ఉమ్మడి సహకార సేద్యమని, రైతులు తమ భూములను ఒకచోట కలిపి సాగు చేయవలెనని, హక్కు ఎవరిది వారికే యుండి రాబడిలో భూమిని బట్టి వాటా వచ్చునని, పని చేసినవారికి పనిని బట్టి ముట్టునని దాని సారాంశము. భూపరిమితి చట్టములు ఆ సంవత్సరాంతమునకు ముగించవలెననియు అన్నది. ఇందులో ఎవరి మీదను బలవంతము లేదని ప్రధాని నెహ్రూ పలుమారులు హామీ ఇచ్చినారు.

రంగాగారికి ఆ హామీ చాలలేదు. కాగితము మీద హక్కు రైతుదే అయినను, ఏ మడిలో ఏమి వేయవలెనో నిర్ణయించువాడు మరియొకడైనప్పుడు రైతు తన చేనిలోనే కూలివాడగునని ఆయన భయము. తొలికోడి కూసినప్పుడు లేచి నీరు కట్టుకొనే శ్రద్ధ సొంత చేను మీద కలుగును గాని, ఉద్యోగి హాజరుపట్టీ చూచి కలుగదని ఆయన వాదించినారు. రష్యాలో సమష్టి క్షేత్రముల పేర రైతులు పడిన ఇక్కట్లు అప్పటికే లోకమునకు తెలిసినవి. చైనాలో కమ్యూనులు 1958లోనే మొదలైనవి. వాని వెంట వచ్చిన కరవు ఎంతమందిని బలిగొన్నదో తరువాత గాని బయటపడలేదు. ఉత్తరప్రదేశమున చరణ్ సింగుగారు కూడ ఉమ్మడి సేద్యము నెదిరించినవారే.

రంగాగారు కాంగ్రెసును వీడినారు. 1959 జూన్ 4వ తేదీన మద్రాసులో స్వతంత్ర పార్టీ స్థాపన ప్రకటితమైనది. వెనుక నిలిచినవారు ఎనుబదేండ్ల వృద్ధుడైన రాజాజీ, వ్యూహకర్త మీనూ మసానీ, అధ్యక్షుడు రంగా. పర్మిటులు, లైసెన్సులు, కోటాలు పెరిగినకొలది పౌరుడు దరఖాస్తుదారుడుగా మారునని ఆ పార్టీ హెచ్చరించినది. 1962 ఎన్నికలలో లోకసభకు 18 మందిని, 1967లో 44 మందిని పంపి, ఆ సభలో ప్రతిపక్షములలోకెల్ల పెద్దదైనది. రంగాగారు చిత్తూరు నుండియు, తరువాత శ్రీకాకుళము నుండియు లోకసభకు వచ్చి సభలో ఆ పార్టీకి నాయకత్వము వహించినారు.

పట్టా కలవాడు, లేనివాడు

ఆయన శాసనసభా జీవితములో గట్టి పోరాటము పదునేడవ రాజ్యాంగ సవరణ మీద జరిగినది. ఎస్టేటులను స్వాధీనపరచుకొనే చట్టములకు 1951 మొదటి సవరణయే రక్షణ కల్పించినది. అయితే "ఎస్టేటు" అనగా జమీందారీయేనా, రైత్వారీ భూమి కూడ నగునా? 1961లో సుప్రీంకోర్టు కేరళ చట్టమొకటి కొన్ని రైత్వారీ భూములకు చెల్లదన్నది. ఆ తీర్పును దాటుటకై 1964లో వచ్చిన సవరణ రైత్వారీ భూమిని కూడ ఆ మాటలో చేర్చి, నలుబది నాలుగు చట్టములను తొమ్మిదవ షెడ్యూలులో పెట్టినది. జమీందారుని కొరకు చేసిన ఆయుధమును చిన్న రైతు మీదికి త్రిప్పుచున్నారని రంగాగారును, ఆయన పార్టీయు ఎలుగెత్తినారు. పరిమితికి లోబడి స్వయముగా సాగుచేసికొనే భూమిని తీసికొనవలసి వచ్చినచో బజారు ధరకు తగ్గకుండ పరిహార మీయవలెనను నియమము ఆ సవరణలోనే ఉన్నది.

ఇంతవరకు విన్న విద్యార్థి రంగాగారి పక్షమే న్యాయమనుకొనవచ్చును. కాని త్రాసుకు రెండవ తట్ట ఉన్నది.

స్వతంత్ర పార్టీలో చేరినవారందరు నిడుబ్రోలు రైతులు కారు. జయపూరు మహారాణి గాయత్రీదేవి, రామగఢ్ రాజా కామాఖ్య నారాయణ సింగు వంటివారు అందులో ప్రముఖులు. వెంకటగిరి జమీందారీ మీద కత్తి గట్టిన నాయకుడు ఇరువదియైదేండ్లకు రాజులతో ఒకే వేదిక మీద కూర్చుండెను గదాయని ఆక్షేపించినవారి మాట త్రోసివేయదగినది కాదు. "రైతు" అనే ఒక్క మాట క్రింద రెండెకరాల ఆసామిని, రెండు వందల ఎకరాల భూస్వామిని నిలిపినప్పుడు, చిన్నవాని కన్నీరు పెద్దవానికి గొడుగగుచున్నది.

అంతకన్న పెద్ద ప్రశ్న, భూమి బొత్తిగా లేనివానిది. స్వయముగా దున్నుకొనే కుటుంబమునకు తన నేల మీద హక్కుండవలెననుట సత్యమే. అట్లయిన తరతరములుగా ఒకరి నేల దున్నుతున్న కౌలుదారునికి ఆ సత్యము వర్తింపదా? మన తెలంగాణములో 1949లో జాగీరులు రద్దయినవి. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టము "రక్షిత కౌలుదారు" అని ఒక వర్గమును గుర్తించి, భూమిని కొనుక్కొనే హక్కు నిచ్చినది. అటువంటి చట్టము రావలెనన్నచో ప్రభుత్వము ఆస్తి హక్కు జోలికి పోక తప్పదు. చట్టము చేతులు కట్టివేయవలెననువాడు, ఆ చేతులు బీదవానికి అందించు సాయమును కూడ ఆపినవాడగును.

అమెరికాలోను ఈ చిక్కు ఎదురైనది. అరిజోనా సెనేటరు బ్యారీ గోల్డ్‌వాటరు వ్యక్తిస్వేచ్ఛకు పెద్ద వక్త. 1964లో నల్లజాతివారికి హోటళ్ళలో, దుకాణములలో సమాన ప్రవేశము కల్పించే పౌరహక్కుల చట్టము వచ్చినప్పుడు, యజమాని స్వేచ్ఛలో కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని దానికి వ్యతిరేకముగా ఓటు వేసినాడు. ఆ యేడే అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడినాడు. తలుపు లోపల నున్నవాని స్వేచ్ఛను కాపాడిన సూత్రము తలుపు బయట నిలిచినవానికి అక్కరకు రాలేదు.

రంగాగారిని గోల్డ్‌వాటరుతో సరిపోల్చుట పూర్తిగా న్యాయము కాదు. రంగాగారు జీవితమెల్ల పల్లెవాసుల మధ్యనే గడిపినవారు. అయినను ఆయన వాదములో కూలివానికి చోటు చాలినంత లేదనుట మాత్రము చెప్పక తప్పదు.

చరిత్ర చేసిన చమత్కారము

తరువాతి కథ విచిత్రముగా నడిచినది. 1971 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ 8 స్థానములకు పడిపోయినది. రంగాగారును ఓడినారు. కొద్దికాలమునకే మరల కాంగ్రెసులో చేరినారు. అది బ్యాంకులను జాతీయము చేసిన కాంగ్రెసు! అభిమానులు నొచ్చుకొన్నారు. మిగిలిన స్వతంత్రులు 1974లో చరణ్ సింగుగారి భారతీయ లోక్ దళములోను, దాని మూలముగా 1977లో జనతా పార్టీలోను కలిసినారు. ఆ జనతా ప్రభుత్వమే 1978లో నలుబది నాలుగవ సవరణ తెచ్చి ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల పట్టిక నుండి తీసివేసినది. నేడు అది 300-ఏ అధికరణము క్రింద చట్టబద్ధమైన హక్కుగా మాత్రమే మిగిలి ఉన్నది. ఏ హక్కును కాపాడుటకు స్వతంత్ర పార్టీ పుట్టినదో ఆ హక్కును తగ్గించిన ఇంటిలోనే ఆ పార్టీ అవశేషములు కాపురమున్నవి.

ఇటు నాగపూరు తీర్మానము దేశవ్యాప్తముగా అమలు కానేలేదు. ఆ విషయమున రంగాగారి పక్షమే నెగ్గినదనవలెను. ఆయన 1980 మొదలు మూడు పర్యాయములు గుంటూరు నుండి లోకసభకు ఎన్నికై, 1991 వరకు సభలో కూర్చున్నారు. ఆ యేడే పద్మవిభూషణ్ బిరుదమందినారు. 1995 జూన్ నెలలో తొంబది నాలుగవ యేట కన్నుమూసినారు.

మరల మన గెట్టు మీదికి

ఇప్పుడు మన్నెగూడ దారికి మరలుదము. 1894 నాటి భూసేకరణ చట్టము పోయి 2013లో క్రొత్త చట్టము వచ్చినది. ప్రైవేటు సంస్థ కొరకు ప్రభుత్వము భూమి సేకరింపవలెనన్న ఎనుబది శాతము భూయజమానుల అంగీకారము కావలెనని అది విధించినది. రైతు ఇష్టము లేక రైతు భూమి పోరాదనే రంగాగారి మాట ఇందులో వినబడుతున్నది. ఆ చట్టమే, భూమిలేక ఆ భూమి మీద బ్రతుకుతున్న కౌలుదారులకును కూలివారికిని పునరావాసము కల్పింపవలెనన్నది. ఇది ఆయన ప్రత్యర్థుల మాట. అరువదేండ్ల వాదములోని రెండు పక్షములును ఒకే చట్టములో ఇరుగుపొరుగున చేరినవి.

కాని వ్యవహారములో తట్ట ఎటు మొగ్గుచున్నదో చూడుడు. 2018లో మన రాష్ట్రమున మొదలైన రైతుబంధు పథకపు సొమ్ము పట్టాదారునికి ముట్టినది. కౌలుకు దున్నిన వానికి ముట్టలేదు. ఊరి పొలము వెంచరు అయినప్పుడు పట్టా గలవాడు ధర అడిగి అమ్ముకొనును. ఆ పొలములో నాటు వేసిన కూలి తల్లికి, కౌలు చేసిన బీదవానికి ఆ బేరములో మాట లేదు. పట్టా స్వేచ్ఛ నిచ్చునను రంగాగారి సిద్ధాంతము నిజమని వీరి బ్రతుకే ఋజువు చేయుచున్నది, పట్టా లేకపోవుట చేత వీరికి స్వేచ్ఛ లేదు గనుక! ఆ సిద్ధాంతమును నమ్మినవాడు, లేనివానికి కూడ పట్టా దొరుకు మార్గమును వెదకవలసినవాడే.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. రంగాగారి వంటివారిని పాఠము చెప్పునప్పుడు మహానాయకుడని పొగడి విడువవద్దు, భూస్వాముల మనిషియని తెగడి విడువవద్దు. తరగతిని రెండు పక్షములు చేసి నాగపూరు తీర్మానమును వారి ముందుంచుడు. ఒక పక్షము రెండెకరాల రైతు తరపున మాటాడవలెను, ఒక పక్షము ఎకరమైన లేని కూలివాని తరపున మాటాడవలెను. పిమ్మట పక్షములను మార్చి మరల వాదింపజేయుడు. చట్టసభలో కూర్చున్నవాడు ఎంత చిక్కుముడి విప్పవలెనో ఆనాడు పిల్లలకు తెలియును. ఇంటికి పోయి, "నాయనా, మనము దున్నే చేను మనదేనా?" అని ఒక్క పిల్లవాడడిగినను ఆ పాఠము ఫలించినట్లే.